కోలారు సీమలో తెలుగు లిపిబోధన : అంతర్జాల సాధనముల ఉపయోగము

కర్ణాటక రాష్ట్రమున, కోలారు జిల్లా మాలూరు తాలూకాలో, తమిళనాడు పొలిమేరకు చేరువగా మాస్తి యను గ్రామము కలదు. కన్నడ సాహిత్యముతో కొంచెము పరిచయమున్నవారి కెల్ల ఈ పేరు తెలిసినదే. 1891లో జన్మించి 1986లో కీర్తిశేషులైన మాస్తి వేంకటేశ అయ్యంగారు ఈ గ్రామనామమును తమ పేరిలో నిలుపుకొని, 'చిక్కవీర రాజేంద్ర' నవలకు 1983వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందుకొనిరి. వారి యింటి భాష తమిళము. వారు సాహిత్యభాషగా వరించినది కన్నడము. ఈ సీమలో ఇది వింత కాదు. ఇంట నొక భాష, అంగడిలో నొక భాష, బడిలో మఱియొక భాష పలుకుట ఇచ్చటి జనులకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ భాషలలో తెలుగు ప్రధానమైనది.

ఈ తెలుగు నిన్న మొన్న వచ్చినది కాదు. చింతామణి తాలూకా కైవారమునకు చెందిన యోగి నారేయణుడు, సంప్రదాయము ననుసరించి 1726 మొదలు 1836 వఱకు జీవించిన మహానుభావుడు, తెలుగునను కన్నడమునను కీర్తనలు రచించెను. 2007లో కోలారు జిల్లా విభజింపబడి చిక్కబళ్ళాపుర జిల్లా ఏర్పడినప్పుడు కైవారము ఆ క్రొత్త జిల్లాలో చేరినను, ఆయన తెలుగు కీర్తనలు రెండు జిల్లాల భజనగోష్ఠులందును నేటికిని వినబడుచున్నవి. అయితే వానిని పాడువారిలో పెక్కురు చూచి పాడునది కన్నడలిపిలో అచ్చయిన పుస్తకములను. భాష తెలుగు, అక్షరము కన్నడము. ఈ ఒక్క విషయమును సరిగా గ్రహించినచో కోలారు సీమలో తెలుగు బోధించు ఉపాధ్యాయుని కష్టమంతయు అర్థమగును.

సమస్య యొక్క స్వరూపము

ఈ సీమలోని తెలుగు బాలుడు తెలుగు రానివాడు కాడు. అవ్వ చెప్పిన కథ వానికి తెలియును, సామెత తెలియును, పొలములోని చెట్టు చేమల పేర్లు తెలియును. వానికి రానిది చదువుటయు వ్రాయుటయు మాత్రమే. అంగడి పలకలు, బస్సులపై ఊరి పేర్లు, పంచాయతీ కాగితములు అన్నియు కన్నడమున నుండును. తెలుగు అక్షరము వానికంట బడు చోటు తెలుగు పాఠ్యపుస్తక మొక్కటియే. ఆంధ్రప్రదేశమునందలి బాలుడు బడికి రాకముందే వీధిలో వందలమార్లు చూచిన అక్షరములను, ఇచ్చటి బాలుడు మొట్టమొదట బడిలోనే చూచును. కనుక ఆంధ్రదేశపు వాచకమును ఉన్నదున్నట్లు ఇచ్చట బోధించిన చాలదు.

చట్టము ఈ బాలుని పక్షముననే యున్నది. 1956లో ఏడవ సవరణద్వారా భారత రాజ్యాంగమున చేర్చబడిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు విద్య గఱపు సౌకర్యములు కల్పింపవలెనని రాష్ట్రములను కోరుచున్నది. కర్ణాటక ప్రభుత్వము పాఠ్యపుస్తకములను తెలుగుతో గూడ ఏడు మాధ్యమములలో ప్రకటించుచున్నది. పదవ తరగతి పరీక్షలో తెలుగును ప్రథమభాషగా గైకొను అవకాశమును కలదు. అయితే ఈ సౌకర్యములు నిలుచుట సంఖ్యపై ఆధారపడియున్నది. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్ర విద్యామంత్రుల సమావేశము, ఒక తరగతిలో 10 మంది గాని, బడి మొత్తములో 40 మంది గాని ఆ భాష కోరువారుండినచో ఉపాధ్యాయుని నియమింపవలెనని నిర్ణయించినది. పదిమంది యన్నది చిన్న సంఖ్యయే. కాని తొమ్మిదవవానితో ఆగిపోయిన తరగతికి అదియే పెద్ద కొండ.

ఆ పదవవాడు ఎందులకు రాడు? తల్లిదండ్రులకు తెలుగుపై ప్రేమ లేక కాదు. కోలారు బంగారుగనులలో 1880 నాటినుండి జాన్ టేలర్ కంపెనీవారు పని సాగించినప్పుడు తమిళ, తెలుగు ప్రాంతములనుండి కూలిజనము వచ్చి స్థిరపడెను. 1902లో శివసముద్రము జలపాతమునుండి విద్యుచ్ఛక్తి ఆ గనులకు చేరెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. అప్పటినుండి ఆ కుటుంబములలో చాలమందికి బెంగళూరు రైలే జీవనాధారము. బ్రతుకుతెరువునకు పనికివచ్చు భాష ఏది యన్న ప్రశ్న వచ్చినప్పుడు తెలుగు వెనుకబడుట సహజము. ఇట్టి స్థితిలో, తెలుగు నేర్చుటకు పట్టుకాలమును శ్రమను తగ్గింపగల సాధన మేదైనను దొరికినచో, అది ఆ పదవ బాలుని తరగతిలోనికి తెచ్చు సాధన మగును. అంతర్జాలమునందలి బోధనసాధనములను ఈ దృష్టితో పరిశీలింపవలసి యున్నది.

పూర్వపు బడిలో ప్రశ్న, ప్రత్యుత్తరము

ఈ సాధనములను ఆంగ్లమున వర్ణించునప్పుడు వాడు మాటకు, విద్యార్థి ఏదైన చేసినయెడల వెంటనే ప్రతిస్పందించునవి యని తాత్పర్యము. బాలుడు అక్షరమును వ్రేలితో తాకిన ధ్వని వినిపించును. తప్పు జోడించిన వెనుకకు నెట్టును. సరిగా జోడించిన ముందుకు నడపును. వీనిని ఈ వ్యాసమున 'ప్రతిస్పందన సాధనములు' అని వ్యవహరింపవచ్చును.

పేరు క్రొత్తదియే గాని పద్ధతి క్రొత్తది కాదు. వీధిబడిలో బాలుడు ఇసుకపై 'ఓనమాలు' దిద్దుచు, వ్రాసిన అక్షరమును బిగ్గరగా పలుకుచుండెను. తప్పిన పెద్ద పిల్లవాడు వెంటనే దిద్దెడివాడు. 1789లో చెన్నపట్టణము ఎగ్మూరునందలి అనాథ బాలుర ఆశ్రమమునకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అను దొర, దేశీయ బాలురు ఇసుకలో వ్రాయుట చూచి, ఒకరికొకరు నేర్పు ఈ పద్ధతిని తన ఆశ్రమమున ప్రవేశపెట్టి, 1797లో దానిపై పుస్తకము ప్రకటించెను. ఇంగ్లండున అది 'మద్రాసు పద్ధతి' యను పేరనే ప్రసిద్ధిగాంచెను.

కోలారునకు మఱింత దగ్గఱి సాక్ష్య మొకటి కలదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ తన జిల్లాలోని తెలుగు, కన్నడ బడులను గూర్చి మద్రాసు ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. పెద్ద విద్యార్థులు చిన్నవారికి నేర్పుచు తమ విద్యను గూడ దృఢపఱచుకొను పద్ధతిని అందులో ఆయన మెచ్చుకొనెను. అంతకంటె ముఖ్యముగా, తెలుగు కన్నడముల అక్షరములు ఒక్కటియేయనియు, ఒకదానిని చదువ నేర్చినవాడు రెండవదానిని గూడ చదువగలడు గాని అర్థము చేసికొనలేడనియు ఆయన వ్రాసెను. రెండువందల సంవత్సరములు గడచినవి. కోలారు సీమలో ఆ మాట నేడు తలక్రిందులైనది. నేటి బాలుడు తెలుగును అర్థము చేసికొనగలడు గాని చదువలేడు. నాడు వచ్చిన పాఠము అర్థ మెఱుగని చదువు. నేడు తీర్పవలసిన కొఱత చదువెఱుగని అర్థము. ఈ రెండవది సులభముగా తీరు కొఱత. అర్థమెఱిగినవానికి అక్షరము నేర్పుట, అక్షరమెఱిగినవానికి భాష నేర్పుటకంటె ఎంతో తేలిక గదా!

యంత్రము వినుట యెప్పుడు మొదలైనది

యంత్రములద్వారా పాఠము చెప్పు ప్రయత్నములలో రెండు మార్గములు కనబడును. మొదటిది ఒకవైపు నుండి చెప్పుట. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు భారతదేశమున ఉపగ్రహముద్వారా జరిగిన దూరదర్శన విద్యాప్రయోగము ఇట్టిది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటకములతో గూడ ఆఱు రాష్ట్రములలో సుమారు 2400 గ్రామములకు ఆ కార్యక్రమములు చేరెను. అది మహత్తర ప్రయత్నమే. కాని పెట్టె మాటలాడును, పిల్లలు విందురు. పిల్లలు మాటలాడిన పెట్టె వినదు.

రెండవ మార్గము 1960లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 'ప్లేటో' యను కంప్యూటరు బోధనాపద్ధతితో ఆరంభమైనది. విద్యార్థి మీట నొక్కి సమాధాన మీయగా యంత్రము దానిని పరీక్షించి తర్వాతి ప్రశ్న నిచ్చును. నేటి అంతర్జాల సాధనము లన్నియు ఈ రెండవ మార్గపు సంతతియే.

దీని ప్రయోజన మేమి? జ్ఞాపకమునకు తెచ్చుకొను ప్రయత్నమే జ్ఞాపకమును గట్టిపఱచునని మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల నిర్ణయము. 2006లో సెంట్ లూయిస్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున రోడిగర్, కార్పికె అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష ప్రకటించిరి. ఒక పాఠమును రెండుమార్లు చదివినవారు వారము దినముల పిమ్మట అందులో 42 శాతము జ్ఞప్తియందుంచుకొనిరి. ఒకమారు చదివి, రెండవమారు చూడకుండ అప్పగించినవారు 56 శాతము నిలుపుకొనిరి. అయిదు నిముషములకే అడిగినప్పుడు మాత్రము రెండుమార్లు చదివినవారిదే పైచేయి. అనగా, చదివిన వెంటనే వచ్చినట్లు తోచునది నిలుచునది కాదు. 'అప్పగింపు' అను మాట వీధిబడి పిల్లలకు క్రొత్తది కాదు. ఒక్క ఉపాధ్యాయుడు ముప్పదిమందిచే విడివిడిగా అప్పగింపించుకొనుటకు కాలము చాలదు. ప్రతిస్పందన సాధనము ఆ పనిని విసుగు లేక చేయగలదు. దాని గొప్పతన మింతయే. ఇది చిన్నది మాత్రము కాదు.

రెండు లిపుల చుట్టఱికము

కోలారు బాలునకు తెలుగు అక్షరములు నేర్పునప్పుడు అతడు కన్నడాక్షరములు ముందే నేర్చియున్నాడను విషయమును ఉపాధ్యాయుడు మూలధనముగా వాడుకొనవలెను. రెండు లిపులును ప్రాచీన తెలుగు–కన్నడ లిపినుండి చీలినవే. క్రమముగా వేఱుపడిన రూపములను పందొమ్మిదవ శతాబ్దిలో అచ్చుయంత్రము స్థిరపఱచినది.

అక్షరములను మూడు తరగతులుగా విభజింపవచ్చును. గ, డ, ద, న, ప, య, ర, వ మొదలైనవానిలో అక్షరపు ఒడలు రెండింటను ఇంచుమించు ఒక్కటియే. తలకట్టు మాత్రమే వేఱు. ఖ, జ, ట, ణ, బ, ల అనునవి తెలుగున తలకట్టు లేని అక్షరములు, కన్నడమునను అంతే, వీనిని క్రొత్తగా నేర్పవలసిన పనియే లేదు. క, త, హ, ళ, ఈ వంటివి రూపము మాఱినవి. శ్రమ యంతయు వీనిపై నుంచవలెను. యాబదికి పైబడిన వర్ణమాలను మొదటినుండి దిద్దించుటకు బదులు, మాఱిన కొలది అక్షరములను ఏఱి నేర్పినచో నెలలపని వారములలోనికి తగ్గగలదు.

గుణింతమున నొక భేదము గమనింపదగినది. కన్నడమున ఈకార, ఏకార, ఓకారములకు దీర్ఘచిహ్నమును అక్షరమునకు కుడిప్రక్కన వేఱుగా వ్రాయుదురు. తెలుగున అది అక్షరపు తలపైననే కలిసిపోవును. కన్నడము చదివిన బాలుడు తెలుగు 'కే' చూచి 'కె' యని చదువుటకు ఇదియే కారణము. వాని చూపు అలవాటు చొప్పున దీర్ఘమును కుడిప్రక్క వెదకును. అచ్చట కానక హ్రస్వముగా పలుకును. ఇది అజ్ఞానము కాదు. మఱియొక లిపియందలి జ్ఞానము. ఈ కారణ మెఱిగిన ఉపాధ్యాయుడు బాలుని కోపింపక, 'పైన చూడుము' అని ఒక్కమాట చెప్పి దిద్దును.

వేఱొక విశేషము సంతోషకరమైనది. 'ధర్మము' మొదలగు మాటలలో రేఫను అక్షరము తరువాత ప్రత్యేకమైన గుర్తుతో వ్రాయు పద్ధతి పూర్వపు తెలుగు ముద్రణలలో నుండెడిది. దానికి వలపలగిలక యని పేరు. తెలుగుదేశమున అది మఱుగుపడినది. కన్నడమున 'అర్కావత్తు' అను పేరుతో నేటికిని నిత్యవ్యవహారమున నున్నది. కనుక పాత తెలుగు పుస్తకము నొకదానిని చేతికిచ్చినచో, వలపలగిలక యొద్ద హైదరాబాదు విద్యార్థి తడబడును, మాస్తి విద్యార్థి తడబడడు. తన కన్నడచదువు తెలుగునకు అడ్డు కాదనియు, తెలుగుదేశపు బాలునకు లేని కన్ను ఒకటి తనకు గలదనియు ఈ ఒక్క ఉదాహరణముచే బాలునకు తెలుపవచ్చును.

సంఖ్యలలో దాగిన బంధుత్వము

ఈ చుట్టఱికమును కంప్యూటరు గూడ ఎఱుగును. భారతీయ లిపులకన్నిటికి ఒకే క్రమమున సంకేతము లేర్పఱుపవలెనని భారతదేశమున 'ఇస్కీ' యను ప్రమాణము రూపొందెను. 1991లో అది జాతీయ ప్రమాణముగా ప్రకటింపబడెను. ప్రపంచభాషల లిపుల నన్నిటిని ఒకచో చేర్చిన యూనికోడు, భారతీయ లిపులకు ఇస్కీ క్రమమునే అనుసరించెను. యూనికోడున తెలుగునకు 3072 మొదలు 3199 వఱకును, దాని ప్రక్కనే కన్నడమునకు 3200 మొదలు 3327 వఱకును స్థానము లీయబడినవి. తెలుగు 'క' స్థానము 3093. కన్నడ 'క' స్థానము 3221. భేదము 128. 'గ' కైనను, 'మ' కైనను భేదము 128 మాత్రమే. తెలుగు వాక్యములోని ప్రతి సంకేతమునకు 128 కలిపినచో అదే వాక్యము కన్నడలిపిలో ప్రత్యక్షమగును. ౘ, ౙ వంటి కొలది అక్షరములకు మాత్రము ఆవలివైపున జోడు లేదు.

లిపులను మార్చు సాధనములు కలవు. వినోద్ రాజన్ రూపొందించిన 'అక్షరముఖ' అను ఉచిత సాధనము ఇట్టివానిలో ప్రసిద్ధము. అందు తెలుగు వాక్యము నుంచి కన్నడలిపిని కోరిన, క్షణములో మాఱును. 'ధర్మము'లోని రేఫ కన్నడలిపిలో తనంతట తానే అర్కావత్తుగా నిలుచును. ఇది అనువాదము కాదు. మాట తెలుగుగనే యుండును, వేషము మాత్రము మాఱును. కైవారము కీర్తనలను కన్నడలిపిలో చదువు సంప్రదాయమును యంత్రము ఇప్పుడు అందఱకు అందుబాటులోనికి తెచ్చినట్లయినది.

తరగతికి తగిన సాధనములు

అంతర్జాలమున సాధనములు వేలకొలది. అందు ఈ సీమకు పనికివచ్చునవి కొన్ని మాత్రమే. బెంగళూరు కేంద్రముగాగల ప్రథమ్ బుక్స్ సంస్థవారు 2015 సెప్టెంబరు 8న ప్రారంభించిన 'స్టోరీవీవర్'లో బొమ్మల కథలు పలుభాషలలో ఉచితముగా లభించును. ఒకే కథ కన్నడమునను తెలుగునను దొరకుట ఈ బాలురకు వరము. బడిలో కన్నడమున చదివిన కథనే తెలుగున చదువునప్పుడు, కథ తెలియును గనుక దృష్టి యంతయు అక్షరముపై నిలుచును. ఉపాధ్యాయుడు తానే క్రొత్త అనువాదము చేర్చుటకును అందు అనుమతి కలదు.

నార్వే దేశమున 2013లో వెలువడిన 'హెచ్5పి' అను ఉచిత సాధనముతో జోడింపుట, ఖాళీ పూరింపుట, విని వ్రాయుట వంటి అభ్యాసములను ఉపాధ్యాయుడే తయారు చేసికొనవచ్చును. గూగుల్ సంస్థ 2019లో 'బోలో' పేర భారతదేశమున ప్రారంభించి, 2020లో 'రీడ్ అలాంగ్' అని పేరు మార్చిన, తెలుగునను పనిచేయు సాధనము, బాలుడు బిగ్గరగా చదువుచుండగా విని తప్పులు చూపును. 'ఆంధ్రభారతి' జాలస్థలమున బ్రౌను నిఘంటువును, శబ్దరత్నాకరమును, సూర్యరాయాంధ్ర నిఘంటువును ఒక్కచోట వెదకవచ్చును. అవ్వ పలికిన మాట పుస్తకమున గలదా యని పై తరగతి విద్యార్థులు వెదకుట మంచి అభ్యాసము. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన 'దీక్షా' వేదిక, పాఠ్యపుస్తకములపై ముద్రించిన క్యూఆర్ కోడుద్వారా పాఠములను సెల్‌ఫోనునకు తెచ్చును.

అంతర్జాలము నిలకడగా అందని ఊళ్ళకు 'కోలిబ్రి' యను సాధనము ఉపకరించును. ఒక్క కంప్యూటరులో పాఠములు నింపి యుంచిన, అంతర్జాలము లేకయే తరగతిలోని ఫోనులు, టాబ్లెట్లు దానితో కలిసి పనిచేయును. హెచ్5పి అభ్యాసములను గూడ అందు చేర్చవచ్చును.

ఒక పాఠము నడచు తీరు

మాటలతో మొదలిడుట మేలు. పాలు–హాలు, పులి–హులి, పాము–హావు, పంది–హంది, పండు–హణ్ణు, పగలు–హగలు. తెలుగున మాట మొదటనున్న పకారము కన్నడమున హకారమగుటను ఈ జంటలు చూపును. ఎడమప్రక్క తెలుగు మాటలు, కుడిప్రక్క కన్నడపు మాటలు, నడుమ బొమ్మ లుంచి జోడింపు మనవలెను. బాలుడు నాలుగు జంటలు కలిపిన పిమ్మట సూత్రమును తానే చెప్పును. ఉపాధ్యాయుడు చెప్పిన సూత్రముకంటె తాను కనుగొన్న సూత్రము నిలుచును. తరువాత మోసగించు మాటల నీయవలెను. కన్నడమున 'ఊట' యనగా భోజనము. తెలుగున నేలనుండి ఊరు నీరు. ఇట్టి చోట యంత్రము 'తప్పు' అనగనే తరగతిలో నవ్వు పుట్టును. ఆ నవ్వుతో భేదము మనస్సున నాటును.

పిదప లిపి. ఆఱు వాక్యముల చిన్న కథను తీసికొని, మొదటి దినమున మొత్తము కన్నడలిపిలో నుంచి, తెలుగు ధ్వనిని వినిపించుచు చదివింపవలెను. రెండవ దినమున రూపము మాఱని అక్షరములను మాత్రము తెలుగులిపికి మార్చవలెను. తరువాత దినమునకు రెండేసి చొప్పున మాఱిన అక్షరములు చేర్చుచు, చివరకు కథ యంతయు తెలుగులిపిలో నిలుపవలెను. కథ అదియే గనుక బాలునకు భయముండదు. ఇచ్చట నొక సాంకేతిక నియమము కలదు. మార్పు అక్షరము మొత్తమునకు జరుగవలెను. హల్లు ఒక లిపిలోను, దాని గుణింతపు గుర్తు మఱియొక లిపిలోను ఉండినచో, తెరపై చుక్కల వలయము ప్రత్యక్షమై అక్షరము విడిపోవును. 'కి' మార్చిన మొత్తము 'కి' మార్చవలెను.

చివర పలక. తెరపై తాకిన అక్షరమును అదే పూట బలపముతో వ్రాయింపవలెను. కన్ను గుర్తించినది చేయి వ్రాయలేకపోవుట తఱచు. పదవ తరగతి పరీక్ష నేటికిని కాగితముపై కలముతో వ్రాయునదే.

గమనింపవలసిన జాగ్రత్తలు

మొదటిది, ఊతకఱ్ఱ నియమము. కన్నడలిపిలో తెలుగు చదువుట సులభము గనుక బాలుడు అచ్చటనే నిలిచిపోవచ్చును. కన్నడలిపియే చాలును, కైవారము కీర్తనలు అట్లే బ్రతికినవి గదా యని వాదించువారు గలరు. ఆ వాదమున సత్యము లేకపోలేదు. ఆ లిపియే ఇన్ని తరములు ఆ కీర్తనలను కాపాడినది. కాని తెలుగులిపి యెఱుగనివానికి వేయేండ్ల తెలుగు సాహిత్యమున చాలభాగము తలుపు మూసియే యుండును; పరీక్షయు అట్లే. కన్నడలిపి గడప కావలెను గాని గది కారాదు.

రెండవది, యాస. యంత్రమునకు పరిచితమైనది సాధారణముగా తెలుగురాష్ట్రముల ఉచ్చారణ. కోలారు పలుకుబడిని అది తప్పుగా లెక్కింపవచ్చును. అట్టిచోట తుదితీర్పు ఉపాధ్యాయునిది. పుస్తకభాష నేర్పుట వేఱు, ఇంటిమాట తప్పని చెప్పుట వేఱు. అవ్వ మాట తప్పని యంత్రము చెప్పగా నమ్మిన బాలుడు, మఱునాటినుండి అవ్వతో తెలుగున మాటలాడుట మానవచ్చును. ఆ నష్టమును ఏ సాధనమును పూరింపజాలదు.

మూడవది, నిలకడ. 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ 'ఫ్లాష్' పద్ధతికి స్వస్తి చెప్పగా, దానిపై నిర్మింపబడిన పిల్లల ఆటలు, అభ్యాసములు వేలకొలది పనికిరాకుండ పోయినవి. తయారు చేసిన పాఠమును ఒక్క సంస్థ యొద్దనే యుంచక, మూలప్రతిని యూనికోడున తన యొద్ద దాచుకొనవలెను.

నాలుగవది, పిల్లల వివరములు. 2023 నాటి భారత వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును సంస్థలు వాడుకొనుటకు తల్లిదండ్రుల సమ్మతి నిర్దేశించుచున్నది. పిల్లల పేర్లు, ఫోను సంఖ్యలు కోరని సాధనములనే ఎన్నుకొనుట క్షేమము.

అయిదవది అన్నిటికంటె ముఖ్యము. 2020 మార్చిలో మహమ్మారిచే బడులు మూతపడినప్పుడు, ఇంట ఫోనున్న బాలునకును లేని బాలునకును మధ్యనున్న దూరము బయటపడినది. ఆ సంవత్సరము ఆగస్టులో కర్ణాటక ప్రభుత్వము 'విద్యాగమ' యను కార్యక్రమము నారంభించి ఉపాధ్యాయులనే పిల్లల ఊళ్ళకు పంపవలసివచ్చెను. సాధనమున్నది గనుక ఉపాధ్యాయుడేల యను మాట ఎవ్వరినుండి వచ్చినను తెలుగువారు అంగీకరింపరాదు. సాధనము ఉపాధ్యాయుని చేతిలోని బెత్తము వంటిది కాదు, పలక వంటిది. పలక యున్నంతమాత్రమున బడి కాదు.

సంఘములు చేయదగిన పని

తెలుగు సంఘములు ఈ విషయమున చేయదగిన పనులు కొన్ని గలవు. వానికి పెద్ద ధనము అక్కఱలేదు. కన్నడము తెలిసిన బాలురకు ఉద్దేశింపబడిన ఉభయలిపి వాచక మొకటి సిద్ధము చేయవలెను. ముందు వివరించిన మూడు తరగతుల విభాగము దానికి పునాది కాగలదు. మాస్తి, మాలూరు, ముళబాగిలు, బంగారుపేట ప్రాంతములందలి వృద్ధుల నోట కథలు, సామెతలు, పాటలు, వారి అనుమతితో, వారి కంఠముతోనే పదిలపఱచి, పాఠములకు ధ్వనిగా వాడవలెను. అప్పుడు బాలుడు తెరనుండి వినునది తన యూరి తెలుగగును. ఉభయలిపులలోను కైవారము కీర్తనల ప్రతులను చేర్చవలెను. తెలుగు తరగతి గల బడికి కోలిబ్రి నింపిన కంప్యూటరు ఒక్కటి సమకూర్చిన, ఈ పని యంతయు అంతర్జాలము లేకయే జరుగును.

మాస్తి వేంకటేశ అయ్యంగారు పరభాషను తనదిగా చేసికొని దానికి గౌరవము తెచ్చిరి. ఇంటిభాషను విడువవలసిన అవసరము ఆయనకు కలుగలేదు. ఆయన యూరి తెలుగు బాలునకును కన్నడము మానవలసిన అవసరము లేదు. కన్నడమే వానికి తెలుగు అక్షరమును చేరవేయు తెప్ప. ఆ తెప్పను నడుపుటకు నేడు మంచి గడలు లభించినవి. ఎక్కవలసినవాడు తరగతి పట్టికలోని పదవ బాలుడు. వానిని చేయిపట్టి ఎక్కింపవలసినవారు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, సంఘములు. ఆ పట్టికలో పదవ పేరు నిలిచినంతకాలము కోలారు సీమలో తెలుగు తరగతి నిలుచును.